రెండు కత్తుల గాయం

2011లో సకల జనుల సమ్మె నడుస్తున్న రోజుల్లో నేను ఎల్.బి.నగర్‌కు దగ్గరగా ఉన్న ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో డిప్యూటీ సివిల్ సర్జన్‌గా పనిచేస్తున్నాను. ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం. క్యాజువాలిటీ బాధ్యత నాది. ఆ హోదాలో ఉన్నవాళ్ళు పైన సూపరింటెండెంట్‌కు జవాబు చెప్పుకోవాలి, కింద డ్యూటీ డాక్టర్లు వేసే ప్రతి కుట్టుకూ పూచీ పడాలి. వాటికి తోడు పోలీసు కేసుల గాయం సర్టిఫికెట్లు. అప్పటికి ఇరవై ఆరేళ్ళ సర్వీసు. నేను చూడని గాయం లేదనుకునేదాన్ని. కోపం ముక్కు మీదే ఉండేది, ఎవరైనా ఎదురు చెబితే ఇంకాస్త పైకెక్కేది.

గాయం సర్టిఫికెట్ గురించి బయటివాళ్ళకు తెలిసింది తక్కువ. కొట్లాట కావచ్చు, ప్రమాదం కావచ్చు, పోలీసులకు సంబంధించిన కేసు రాగానే రిజిస్టర్‌లో ఎక్కించి ఠాణాకు కబురు పంపుతాం. తర్వాత గాయాలకు నంబర్లు వేసి, ఒక్కోదాని పొడవు, వెడల్పు, లోతు సెంటీమీటర్లలో రాస్తాం. అంచులు తిన్నగా ఉన్నాయా, చిట్లినట్టు ఉన్నాయా అన్నది కూడా రాయాలి. కత్తి గాయం మొదలైనచోట లోతుగా ఉండి, విడిచేచోట పలచబడుతుంది. ఆ పలచటి కొసను మేము తోక అంటాం. తోక ఎటుంటే దెబ్బ అటు వెళ్ళిందని అర్థం. ఇవన్నీ కొలతలు. చివర్న అభిప్రాయం అని ఒక గడి ఉంటుంది. గాయం సాధారణమా తీవ్రమా, ఎలాంటి ఆయుధం వల్ల అయివుండవచ్చు అన్నది అందులో రాయాలి. ఎంతమంది కొట్టారో రాయమని ఆ ఫారంలో ఎక్కడా లేదు. అయినా నేను రాశాను.

ఆ రోజు మధ్యాహ్నం మూడు దాటింది. బస్సులు లేవు, కాలేజీలు మూతపడి చాలా రోజులైంది, మా ఓపీ కూడా కుంటుతూనే నడుస్తోంది. ఒక ఆటో క్యాజువాలిటీ మెట్ల దాకా వచ్చి ఆగింది. అందులోంచి ఇద్దరు అన్నదమ్ములు ఒక కుర్రాణ్ణి మోసుకొచ్చారు. కుర్రాడి పేరు శ్రీహర్ష, ఇరవై ఏళ్ళు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాళ్ళది గుంటూరు వైపు నుంచి వచ్చి మన్సూరాబాద్‌లో స్థిరపడిన కుటుంబం. మోసుకొచ్చినవాళ్ళలో చిన్నవాడు నరేష్, హర్ష క్లాస్‌మేట్. పెద్దవాడు శ్రీశైలం, ఆటో అతనిదే. వీళ్ళు పోచంపల్లి నేతగాళ్ళ ఇంటివాళ్ళు. తండ్రి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో సేల్స్‌మన్.

హర్ష రెండు ముంజేతులకూ తువ్వాళ్ళు చుట్టి ఉన్నాయి, రెండూ నెత్తుటితో నానిపోయాయి. విప్పి చూశాను. ఎడమ ముంజేతి మీద పదకొండు సెంటీమీటర్ల కోత, అంచులు తిన్నగా ఉన్నాయి. వేళ్ళను పైకి లేపే స్నాయువులు రెండు తెగిపోయాయి. బొటనవేలు, చూపుడువేలు లేపమంటే లేవలేదు. కుడి ముంజేతి మీద నాలుగు సెంటీమీటర్ల గాయం, అది చిట్లినట్టుగా ఉంది. ఒకటి పదునైన ఆయుధం, ఇంకొకటి మొండిది. మా చదువులో గాయాల పాఠం మొదట్లోనే నేర్పే సంగతి ఇది: ఎవరైనా మీదికి వస్తే మనిషి తెలియకుండానే రెండు చేతులూ అడ్డం పెడతాడు, దెబ్బలు ముంజేతుల మీద పడతాయి. వాటిని రక్షణ గాయాలు అంటాం. రెండు ముంజేతుల మీద రెండు గాయాలు కనబడేసరికి నా మెదడు ఇంక వెతకడం మానేసింది.

ఏమైందని అడిగితే నరేష్ చెప్పాడు. “వాడే కోసుకున్నడు మేడమ్. రెండు కత్తులు వట్టుకొని తిప్పుతుండె. ఒక్కపారే రెండు చేతులకు తగిలింది.”

“ఏవీ ఆ కత్తులు?”

“భయమైంది మేడమ్. చెరువుల పడేసిన.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “తన రెండు చేతులూ తనే నరుక్కున్నాడా? ఎవరి చెవిలో పువ్వులు పెడుతున్నావురా?” అని కసిరాను. నర్సులు నవ్వారు. వాళ్ళతోపాటు నేనూ నవ్వానని రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

తనను తాను కోసుకున్నవాడి చేతిమీద ముందు రెండు మూడు సన్నటి గీతలుంటాయి, ధైర్యం చాలక పెట్టినవి. తడబాటు గీతలంటాం. ఇక్కడ అలాంటివి ఒక్కటీ లేవు. కాబట్టి స్వయంగా చేసుకున్నది కాదు అని తీర్మానించేశాను. ప్రాణం తీసుకోవడానికి కోసుకోవడం ఒకటి, పొరపాటున తనకే తగలడం ఒకటి. ఈ రెండో రకం ఒకటి ఉంటుందని ఆ క్షణాన నాకు తట్టనేలేదు.

ఇంతలో హర్ష నాన్నగారు పరుగెత్తుకుంటూ వచ్చారు. బ్యాంకులో పనిచేసే నెమ్మదైన మనిషి. స్ట్రెచర్ పట్టుకుని, “ఎవర్రా నాన్నా, ఎవరు కొట్టార్రా నిన్ను?” అని అదే పనిగా అడిగారు. హర్ష కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కాసేపటికి, “ఇద్దరు... ఎవరో తెలీదు” అన్నాడు. వెంటనే థియేటర్‌లోకి తీసుకుపోయారు.

సాయంత్రం ఎస్సై వచ్చాడు. కుర్రవాడే కానీ ఆ నెల రోజుల సమ్మె డ్యూటీలతో ముఖం పీక్కుపోయి ఉంది. సెటిలర్ల పిల్లవాణ్ణి లోకల్ వాళ్ళు నరికారని అప్పటికే మన్సూరాబాద్ కాలనీల్లో మాట పాకింది. రోడ్డు వెంట షట్టర్లు దిగుతున్నాయి. మా ఆవరణలో ఒక పక్క హర్ష వాళ్ళ కాలనీ పెద్దలు, గేటు అవతల నరేష్ వాళ్ళ బస్తీ కుర్రాళ్ళు గుమిగూడారు. ఎస్సై నా ఎదురుగా కూర్చుని, “మేడమ్, ఒక్కడా ఇద్దరా, గదొక్కటి చెప్పుండ్రి. నేను జెల్ది పని చెయ్యాలె, లేకుంటే పొద్దుగాలకు గొడవ పెద్దగైతది” అన్నాడు.

నేను పెన్ను తీసి, అభిప్రాయం గడిలో రాశాను: గాయాలు రెండు భిన్నమైన ఆయుధాల వల్ల అయినవి, రక్షణ గాయాల లక్షణాలున్నాయి, దాడిచేసినవారు కనీసం ఇద్దరు అయివుండాలి. సంతకం, ముద్ర. రెండు నిమిషాల పని. ఎస్సై ఆ కాగితాన్ని మడతపెట్టుకుని బయటికి వెళ్ళాడు. బెంచీ మీద కూర్చున్న అన్నదమ్ములిద్దరినీ జీపు ఎక్కించాడు. ఇద్దరన్నాను కదా, సరిగ్గా ఇద్దరు దొరికారు. హత్యాయత్నం కేసు. మర్నాడు మధ్యాహ్నం మేజిస్ట్రేట్ ముందుకు, అటునుంచి జైలుకు పంపుతామన్నారు. ఇంటికెళ్ళి అన్నం తిన్నాను, మంచి పని చేశానన్న తృప్తితో నిద్ర కూడా పట్టింది.

మర్నాడు పొద్దున్న ఓపీలో ఒకావిడ నా బల్ల ముందు నిలబడింది. నరేష్ తల్లి, పేరు లక్ష్మమ్మ. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. వెంట ఒక ముసలాయన ఉన్నాడు. డెబ్భై దాటిన మనిషి, మోకాళ్ళు వంగి నడుస్తున్నాడు కానీ భుజాలు మాత్రం రాతిలా ఉన్నాయి. “మా మేనమామ, ఎల్లయ్య ఉస్తాద్” అని చెప్పింది ఆవిడ. సరూర్‌నగర్ పాత ఊళ్ళో నలభై ఏళ్ళు కర్రసాము, కత్తిసాము నేర్పినవాడట. పీరీల పండక్కీ బోనాలకూ ఊరేగింపు ముందు సాము చేసేది ఆయన శిష్యులే.

“రద్దీగా ఉంది, ఏదైనా ఉంటే పోలీసులకు చెప్పుకోండి” అన్నాను. ఆయన కదల్లేదు.

“డాక్టరమ్మా, జర నా చేతులు చూడుండ్రి” అని చొక్కా చేతులు పైకి మడిచాడు.

చూశాను. ఎడమ ముంజేతి మీద పొడుగాటి పాత మచ్చ. కుడి ముంజేతి మీద చిన్నది. హర్ష చేతుల మీద నేను టేపు పెట్టి కొలిచిన చోటే, వేలెడు కూడా అటూ ఇటూ లేకుండా.

“నన్నెవ్వడు కొట్టలే తల్లీ. పద్దెనిమిదేండ్లప్పుడు మా ఉస్తాద్‌కు తెల్వకుంట రెండు కత్తులు వట్టిన. గప్పుడు నేనే కోసుకున్న. ఈ సాము నేర్చినోళ్ళల్ల తొందరపడ్డోని చెయ్యి ఏదన్న చూడుండ్రి, గిక్కడనే ఉంటది మచ్చ.”

ఎలా సాధ్యమని అడిగాను. ఆయన గదంతా చూసి, కట్లు కట్టే బల్ల మీద ఊదారంగు మందు సీసాను, గోడకు ఆనించి ఉన్న రెండు చెక్క స్కేళ్ళను చూపించాడు. పుండ్లకు పూసే ఆ మందు చర్మానికి అంటితే రెండు రోజుల దాకా పోదు. స్కేళ్ళ అంచులకు అది పూయించి, పొడుగుది నా కుడిచేతిలో, పొట్టిది ఎడమచేతిలో పెట్టాడు. “ముందట ఒకడున్నడనుకో బిడ్డా. రెండింటితోని ఎడాపెడా కొట్టు. ఆగకు, తిప్పుకుంటనే ఉండు” అన్నాడు.

యాభై మూడేళ్ళ డిప్యూటీ సివిల్ సర్జన్‌ని, కొంగు నడుముకు బిగించి, ఓపీ గదిలో రెండు స్కేళ్ళు పట్టుకుని గాల్లో చెలరేగిపోయాను. నర్సు నోరు తెరుచుకుని చూస్తోంది. మూడో తిప్పుకో నాలుగో తిప్పుకో చేతులు ఛాతీ ముందు ఒకదాన్నొకటి దాటాయి. కుడిచేతి స్కేలు ఫట్‌మని ఎడమ ముంజేతి మీద పడింది. ఉలిక్కిపడి ఆగబోయాను. కానీ ఎడమచెయ్యి అప్పటికే బయల్దేరింది, ఆపుదామన్నా ఆగలేదు. పొట్టి స్కేలు వచ్చి కుడి ముంజేతికి తగిలింది.

స్కేళ్ళు కింద పడేశాను. నా రెండు చేతుల మీదా ఊదా గీతలు, హర్ష గాయాలున్న చోటే.

అసలు సంగతి తేల్చింది గీతల దిక్కు. కత్తి పట్టుకున్నవాడి పిడికిట్లో బొటనవేలు పైకి ఉంటుంది. తన కత్తే పైనుంచి పడితే దెబ్బ బొటనవేలి వైపు మొదలై ముంజేతి వెనక్కి జారుతుంది. ఎవరి దెబ్బకైనా చెయ్యి అడ్డం పెట్టినప్పుడు ఎదుటివాడికి కనబడేది చిటికెనవేలి వైపు. గాయం అక్కడ మొదలవ్వాలి. పరుగున వెళ్ళి రిజిస్టర్ తీశాను. నా చేతిరాతలోనే ఉంది, రెండు గాయాలకూ: మొదలు బొటనవేలి వైపు, తోక ముంజేతి వెనక వైపు. కొలిచాను, రాశాను, కింద సంతకం పెట్టాను. చదవలేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఉస్తాద్ నన్నేమీ అనలేదు. స్టూలు మీద కూర్చుని మోకాలు నొక్కుకుంటూ తన విద్య గురించి చెప్పాడు. ఆయన దగ్గర చేరినవాడికి ఏడాదిపాటు ఒకటే కర్ర. రెండో చేతిని నడుముకు తువ్వాలుతో కట్టేస్తారు, దానంతట అది లేవకుండా. రెండు ఆయుధాలు ఆఖరి పాఠం. అందులోనూ ఎడమచేతిది పొట్టిగా ఉండాలి, దాని పని కొట్టడం కాదు, వచ్చే దెబ్బను ఆపడం. ఒకటి కదిలేటప్పుడు ఇంకొకటి నిలబడి ఉండాలి. రెండింటితో ఒకేసారి కొట్టేవాడు ఊరేగింపులో చూడ్డానికి బాగుంటాడు, నిజం కొట్లాటలో వాడికి వాడే అడ్డం. “మా నరేష్‌గాడు నన్నడిగిండు, రెండు కత్తులు నేర్పు తాతా అని. తిట్టి ఎల్లగొట్టిన. నేర్పినా బాగుండు” అన్నాడు.

టైము పదకొండు. మధ్యాహ్నానికి కోర్టు. నేను వార్డుకు పరుగెత్తాను.

హర్ష రెండు చేతులకూ కట్లతో పడుకుని ఉన్నాడు. పక్కన నాన్నగారు. నేనేమీ అడగలేదు, చీర కొంగు తప్పించి నా చేతుల మీద గీతలు చూపించాను. వాడు వాటిని చూశాడు, నా ముఖం చూశాడు, ఒక్కసారిగా భోరుమన్నాడు. కాలేజీ లేక పొద్దస్తమానం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గేమింగ్ సెంటర్లో కూర్చునేవాళ్ళట. అందులో ఎవరికి వాళ్ళు ఒక యోధుణ్ణి తయారుచేసుకుని పెంచుకునే ఆట. హర్ష యోధుడికి రెండు కత్తులు. రెండు పట్టిస్తే దెబ్బలు రెండింతలవుతాయట. అది చూసి చూసి, లారీలు బాగుచేసే షెడ్డులో కమాను పట్టీలతో రెండు కత్తులు చేయించారు. ఒకదానికి సాన పట్టించారు, రెండోదానికి పట్టించేలోపే హర్ష ఆగలేకపోయాడు.

“ఆటలో మన కత్తి మన చేతిలోంచే దూరి పోతుంది మేడమ్. ఏమీ అవదు” అన్నాడు వెక్కుతూ.

ఇద్దరని ఎందుకు చెప్పావని అడిగాను. గేమింగ్ సెంటర్‌కు మళ్ళీ వెళ్తే చదువు మాన్పిస్తానని నాన్నగారు ఒట్టు పెట్టించుకున్నారట. ఆ నొప్పిలో, భయంలో నోటికొచ్చింది అనేశాడు. ఆపరేషన్ మత్తు దిగాక నరేష్ ఏడని అడిగితే, దొరికారు దొంగవెధవలు అని వార్డంతా చెప్పుకోవడం విన్నాడు. ఇంక నోరు పెగల్లేదు.

నాన్నగారు లేచి నిలబడ్డారు. కొడతారేమోనని నేను అడ్డం వెళ్ళాను. కొట్టలేదు. “నిన్ను మోసుకొచ్చినోళ్ళ మీద పెట్టానురా కేసు. నా చేత్తో సంతకం పెట్టానురా” అని తల బాదుకున్నారు. నేను మాత్రం ఏం తక్కువ చేశానని ఆయన్ను ఓదార్చను?

రాసిచ్చిన అభిప్రాయాన్ని కొట్టివేసే అధికారం ఎవరికీ లేదు, నాకు కూడా. అదనపు అభిప్రాయం అని వేరే కాగితం మీద రాసి, ఎందుకు మారిందో కారణం చూపి, పాతదానికి జతచేయాలి. సూపరింటెండెంట్ గారు తల పట్టుకున్నారు. ఒక్క రోజులో మాట మార్చిన డాక్టర్‌ని ఆ తర్వాత ఏ కోర్టులోనూ నమ్మరమ్మా, ఆలోచించుకో అని రెండుసార్లు చెప్పారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. రాశాను. గాయాల మొదలు, తోక, ఉస్తాద్ చేతుల మచ్చలు, స్కేళ్ళతో నేను చేసిన పరీక్ష, అన్నీ రాసి, మొదటి అభిప్రాయం తప్పు అని ఆఖరున రాశాను. హర్ష నాన్నగారిని నా స్కూటర్ వెనక ఎక్కించుకుని ఠాణాకు వెళ్ళాను.

ఎస్సై కాగితాన్ని రెండుసార్లు చదివాడు. “మీరే గద మేడమ్ ఇద్దరని రాసిచ్చింది?” అన్నాడు. అవును నేనే, అన్నాను. ఇన్‌స్పెక్టర్‌తో ఫోన్లు నడిచాయి. వార్డుకు మనిషిని పంపి హర్ష వాంగ్మూలం తీసుకున్నారు. చెరువు గట్టు పక్కన తుంగలో కత్తులు రెండూ దొరికాయి, ఒకటి పదునుది, ఒకటి మొండిది. అన్నదమ్ముల్ని కోర్టుకు తీసుకుపోలేదు. సాయంత్రానికి వదిలేశారు. ఆవరణలో గుమిగూడినవాళ్ళు ఎవరిదారిన వాళ్ళు పోయారు. గండం గడిచిందనుకున్నాను.

రెండు రోజుల తర్వాత శ్రీశైలం ఒక్కడే ఓపీకి వచ్చాడు. నిండు చేతుల చొక్కా వేసుకున్నాడు. నొప్పులకు గోలీలు కావాలన్నాడు. గుండీ పెట్టుకోవడానికి వేళ్ళు సరిగ్గా రావడం లేదని గమనించి చొక్కా మడవమన్నాను. వద్దన్నాడు. నేనే మడిచాను. రెండు ముంజేతులూ, మణికట్టు నుంచి మోచేయి దాకా, చిటికెనవేలి వైపు నల్లగా కమిలి ఉబ్బి ఉన్నాయి. కర్ర వెడల్పు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా గీతలు. తల కాపాడుకోవడానికి చేతులు అడ్డం పెట్టిన మనిషివి.

ఒక రాత్రి ఠాణాలో గడిపి వచ్చినవాణ్ణి ఎవరు కొట్టారని అడగాల్సిన పని లేదు, అయినా అడిగాను.

“పడ్డ మేడమ్.”

రిజిస్టర్ ముందుకు లాక్కుని పెన్ను తీశాను. “నేను రాస్తాను. కొట్టింది ఎవరైనా సరే, ఉన్నది ఉన్నట్టు రాస్తాను” అన్నాను. అతను లేచి నిలబడి, నా పెన్ను మీద చెయ్యి అడ్డం పెట్టాడు. కోపం లేదు ఆ ముఖంలో, బతిమాలుతున్నాడు.

“వద్దు మేడమ్, మీకు దండం పెడ్త. మీరు రాసుడుతోనే గింత అయింది. ఇంక నా గురించి ఏం రాయకుండ్రి.”

గోలీలు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. రోగి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, సర్టిఫికెట్ ఇవ్వకూడదు; నిబంధన ప్రకారం నేను చేయగలిగింది ఏమీ లేదు. ఆ రోజు రిజిస్టర్‌లో అతని పేరు, టైము, పరీక్షకు నిరాకరించాడు అన్న మాట మాత్రం ఉన్నాయి.

ఆ తర్వాత ఐదేళ్ళు సర్వీసులో ఉన్నాను. గాయానికి రెండు ఆయుధాలు కారణమని రాయాల్సి వచ్చినప్పుడల్లా దాని కిందే ఇంకో వాక్యం చేర్చాను: దీన్నిబట్టి మనుషుల సంఖ్య తేలదు. ఎంతమంది అని అడిగిన పోలీసు అధికారికి, గొడవలున్న రోజైనా సరే, తెలియదు అని చెప్పాను. రాసిన కొలతలను సంతకం పెట్టేముందు పైకి ఒకసారి చదివాను. గాయపడినవాణ్ణి తెచ్చినవాడు ఏం చెప్పాడో, ఎంత నమ్మశక్యం కాకపోయినా, వాడి మాటల్లోనే రిజిస్టర్‌లో ఎక్కించాను. నరేష్ మొదటి రోజే నిజం చెప్పాడు. దాన్ని నేను రాసుకోలేదు.